ఆరు చుక్కలు, ఒక స్టూలు

ముందుగా నా అక్షరాలను, అందులోని తప్పులను మన్నించండి. నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఇంత పొడుగ్గా ఏదైనా రాయడం ఇదే మొదలు. గీతల్లేని కాగితం కాబట్టి నా వరసలు చివరికొచ్చేసరికి కిందికి జారుతున్నాయి. మాస్టారు చూస్తే స్కేలు తెచ్చి పక్కన పెట్టేవారు.

మాస్టారు పోయారు. రెండు వారాల కింద మంగళవారం పొద్దున నేను నీళ్ళ మోటారు ఆపడానికి బయటికి వచ్చాను. ఆయన కూతురు మెట్లు దిగి వచ్చి గేటు పట్టుకుని, "నాన్న పోయారు" అంది. పక్క ఇళ్ళవాళ్ళు చేరారు. ఎట్లయింది, ఎప్పుడయింది, బీపీ ఉండెనా అని అడుగుతున్నారు. నా నోట్లోంచి మాత్రం "ఏడ?" అన్న మాట వచ్చింది. అందరూ నా వైపు చూశారు. నేను కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నాను.

కూతురు ఒక్కతే ఆశ్చర్యపోలేదు. "మెట్ల మలుపులో" అంది. పాల ప్యాకెట్లు తీసుకుని పైకి వస్తూ అక్కడే కూర్చుండిపోయారట.

ఆ ప్రశ్న నాకు నేర్పింది ఆయనే. "ఎవరైనా పడిపోయారంటే ముందు ఎక్కడ అని అడుగమ్మాయ్. ఎలా, ఎందుకు అన్నవి మనిషి దొరికాక తీరిగ్గా అడగొచ్చు" అనేవారు.

మేము అల్మాస్‌గూడలో మాస్టారి ఇంట్లో కింది పోర్షన్‌లో కిరాయికి ఉంటాం. మాది నల్గొండ దగ్గరి పల్లె. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీ బస్సు నడుపుతాడు. మాస్టారు వాళ్ళది విజయవాడ వైపు. ఆయన ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడు పిల్లలకు బిల్డింగు ప్లాన్లు గీయడం నేర్పి రిటైరయ్యారు. మా దగ్గర సార్ అంటాం, మాస్టారు అనం. కానీ ఆయన కోసం వచ్చేవాళ్ళంతా మాస్టారు అని పిలుస్తుంటే నాకూ అదే అలవాటయింది.

ఆయనను ఎరిగినవాళ్ళంతా ఒక్కో పేజీ రాసిస్తే చిన్న పుస్తకంగా వేయించి పంచుతానని కూతురు చెప్పింది. నేను రాయొద్దనే అనుకున్నాను. కానీ పెద్దకర్మ రోజు వడ్డిస్తుంటే ఒక మాట చెవిన పడింది. వాళ్ళ దూరపు చుట్టం ఒకాయన, పెరుగు కలుపుకుంటూ పక్కాయనతో అన్నాడు. "చివర్లో మతి తప్పిందటండీ పాపం. ఎల్‌బీ నగర్‌లో ఏదో హాస్పిటల్ మ్యాపు చేశాడట గదా. మనిషి మూడో అంతస్తులో పడితే రెండో అంతస్తు చూపించిందట. అంత లెక్కగా గీసే మనిషి!" కూతురు విని తల వంచుకుంది. నా చేతిలో పప్పు గిన్నె ఉంది. పక్క విస్తరికి జరిగి వడ్డించాను.

ఆ తప్పు ఆయనది కాదు. అది ఎవరిదో చెప్పడానికే రాస్తున్నాను.

మాస్టారి శిష్యుడు ఒకాయన చిన్న కంపెనీ పెట్టాడు. పెద్ద పెద్ద బిల్డింగుల లోపల మనిషి ఎక్కడున్నాడో తెరమీద చూపించే పని వాళ్ళది. ఎల్‌బీ నగర్ హాస్పిటల్‌కు ఆ పని మాస్టారి చేతిలో పెట్టాడు. అక్కడ పనిచేసే వాళ్ళ మెడలో ఒక కార్డు ఉంటుంది. ఆపద వచ్చినప్పుడు కార్డు మీది మీట నొక్కితే, కింద కంట్రోల్ రూములో తెరమీద ఆ మనిషి ఉన్న చోటి నీలం చుక్క ఎర్రగా మారుతుంది.

ఒక సాయంత్రం మాస్టారు కిందికి దిగి వచ్చి మా గుమ్మం బయటే నిలబడ్డారు. మా ఆయనతో, "బాబూ, మీ ఆవిడతో ఒక పని పడింది. మ్యాపులో లేబర్ వార్డూ ఆడవాళ్ళ బాత్రూములూ అన్నీ ఖాళీగా ఉండిపోయాయి. నన్ను రానివ్వరు, రానివ్వకూడదు కూడా. ఊహించి నింపేయమంటున్నారు. నా వల్ల కాదు" అన్నారు.

మా అత్తమ్మ లోపలి నుంచే అందుకుంది. "పెండ్లయి ఏడాది కాలే, దవాఖానల పాయఖానలు కొలుస్తదట నా కోడలు!"

"ఒక్కతేం పోతలేదు గదనే అమ్మా, సార్ ఉంటడు" అన్నాడు మా ఆయన.

"సార్ బయట ఉంటడు. లోపల ఇదే గద పోవాలె. బజార్ల టమాటలు ఎంతకని అడగనీకే సిగ్గుపడ్తది ఇది."

అది నిజమే. కానీ తలుపు వెనకాల నిలబడి వింటుంటే నాకు సిగ్గు కన్నా వేరేది ఎక్కువయింది. మా ఆయన ఫోనులో మ్యాపు పెట్టుకుని బడంగ్‌పేట్ సందులన్నీ తిరుగుతాడు కదా, ఆ మ్యాపు హాస్పిటల్ లోపల ఎందుకు పనిచేయదు? ఉండబట్టలేక తలుపు సందులోంచే అడిగాను.

"దానికి ఆకాశం కావాలమ్మాయ్. పైన తిరిగే ఉపగ్రహాలు దానికి వినబడాలి. ఆరంతస్తుల స్లాబుల కింద ఏం వినబడుతుంది? వినబడినా హాస్పిటల్ ఎక్కడుందో చెబుతుంది. ఏ అంతస్తు, ఏ గది అంటే దానికి తెలీదు."

"మరి మీకెట్ల తెలుస్తది?"

ఆయన జేబులోంచి తెల్ల డబ్బీ ఒకటి తీసి చూపించారు. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. ఇలాంటివి హాస్పిటల్ కప్పుకు అన్ని చోట్లా అంటించారట. ప్రతి డబ్బీ ఆగకుండా తన పేరు చెప్పుకుంటూ ఉంటుంది. మన చెవికి వినబడదు గానీ కార్డుకు వినబడుతుంది. దగ్గరి డబ్బీ గట్టిగా, దూరపు డబ్బీ మెల్లగా.

"నడుమ గోడ అడ్డం వస్తే?" అన్నాను.

మాస్టారు మా ఆయన వైపు తిరిగి, "చూశావా, అదీ ప్రశ్న!" అన్నారు. అప్పటికే నేను తలుపు వెనక నుంచి బయటికి వచ్చేశానని తరువాత గమనించాను.

ఆ గోడ కోసమే మనిషి తిరగాలి. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. "కళ్ళు మూసుకుని మీ ఇంట్లో నిలబడు. ఫ్రిజ్ చప్పుడు ఎంత, వీధిలో ఆటో చప్పుడు ఎంత, పై ఇంట్లో నా దగ్గు ఎంత అని విను. వంటింట్లో ఉన్నావో ముందు గదిలో ఉన్నావో చప్పుళ్ళను బట్టే చెప్పేస్తావా లేదా? ఎందుకంటే ఈ ఇంట్లో నువ్వు అన్ని చోట్లా నిలబడ్డావు కాబట్టి. ఆ తెరకు కూడా అంతే. ఎవరో ఒకరు ముందుగా ప్రతి చోటా నిలబడి, ఇక్కడ ఇలా వినబడుతుందని దానికి చెప్పాలి."

మరుసటి రోజు నాకు మా ఇంట్లోనే పాఠం మొదలయింది. ఆయన మా రెండు గదుల ప్లాను గీసి చూపించారు. పైకప్పు తీసేసి పైనుంచి చూసినట్టు, నా వంటింటిని నేను మొదటిసారి చూశాను. గ్యాసు గట్టు, కిటికీ, గుమ్మం అన్నీ గీతలే. అత్తమ్మ మంచం మాత్రం లేదు. ఏది అని అడిగాను.

"కదిలేవి ప్లానులో గీయం. గోడలూ గుమ్మాలూ మెట్లే. మంచాలూ కుర్చీలూ స్టూళ్ళూ ఇవాళ ఇక్కడుంటాయి, రేపు ఇంకోచోట."

మా కప్పుకు నాలుగు డబ్బీలు అంటించి ఫోను నా చేతికిచ్చారు. ప్లాను మీద చుక్క పెట్టిన ప్రతి చోటా నిలబడి, మీట నొక్కి, ఇరవై లెక్కపెట్టాలి. కదలకూడదు. నేను అలాగే చేశాను. తరువాత నేను ఎటు నడిస్తే నీలం చుక్క అటు వచ్చింది. ఆ సంతోషంలో నాకు ఇంకో సంగతి చూడాలనిపించింది. మా ఇనుప బియ్యం డబ్బాను దొర్లించుకుంటూ వచ్చి నా పక్కన నిలబెట్టాను. చుక్క ఊగి ఊగి గోడ దాటి పోయింది.

అత్తమ్మ తెరలోకి తొంగి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓ సార్! నా కోడల్ని తీస్కపోయి పక్కింటోళ్ళ బాత్రూంల ఏసినవేంది!"

"నేను కాదమ్మా, మీ బియ్యం డబ్బా వేసింది" అన్నారు మాస్టారు. ఆయన కూడా నవ్వారు, కానీ అప్పుడే పుస్తకం తీసి, ఇనుము అని రాసుకున్నారు.

ఆ రోజే ఒక ఎర్ర పెన్సిలు కూడా ఇచ్చారు. ఏ చోటికైనా పోలేకపోతే, పోయినా సరిగా నిలబడలేకపోతే, ఆ చుక్క పక్కన ఎర్రగా 'తెలీదు' అని రాయాలి. "ఖాళీ వదలకు, ఊహించి నింపకు. తెలీదు అని రాసి ఉంటే ఇంకొకళ్ళు వెళ్ళి చూసొస్తారు" అన్నారు.

హాస్పిటల్‌కు తొమ్మిది రోజులు పోయాను. మాస్టారు మూడో అంతస్తులో లేబర్ వార్డు బయట బెంచీ మీద కూర్చునేవారు. లోపల నేను ఫోను పట్టుకుని బొమ్మలా నిలబడేదాన్ని. మొదటి రోజు కాన్పుకు వచ్చిన అమ్మాయి తల్లి నన్ను పట్టుకుంది. "ఏంది బిడ్డా, వీడియో తీస్తున్నవా?" నేను ఫోనును కొంగు కింద దాచుకున్నాను. అక్కడ పనిచేసే పెద్ద ఆయా నా తరఫున చెప్పింది. "వీడియో గాదు, మ్యాపు గీస్తుంది. రేపు మనం యాడన్న పడిపోతే వచ్చి ఎత్తుకపోవాలె గద." తరువాత నా చెవిలో, "గట్ల బిక్కచచ్చిపోకు, గట్టిగ చెప్పు. నువ్వేం దొంగతనం జేస్తలేవు" అంది.

రెండో రోజుకు నేనే చెప్పగలిగాను. నాలుగో రోజుకు నాకు కొత్త సంగతులు తెలిసి ఇంటికి వచ్చి మా ఆయనకు కథల్లా చెప్పేదాన్ని. మనిషి ఒంట్లో నీళ్ళుంటాయట, అందుకే వార్డు నిండా జనం ఉంటే డబ్బీల గొంతులు తగ్గుతాయట. అద్దాల తలుపు ఏమీ చేయదు గానీ లిఫ్టు ఇనుప తలుపు అన్నీ తారుమారు చేస్తుందట. మెట్ల మలుపు అన్నిటికన్నా చెడ్డది. పై అంతస్తు డబ్బీలూ వినబడతాయి, కింది అంతస్తువీ వినబడతాయి. అక్కడ మనిషి ఏ అంతస్తులో ఉన్నట్టు అని అడిగితే మాస్టారు ప్లాను మీద ఆ మలుపు దగ్గర వేలు పెట్టి, "ప్లానులో దానికి ఒక పేరు పెట్టాలమ్మాయ్. ఇప్పటిదాకా ఎవరూ పెట్టలేదు" అన్నారు.

చివరి రోజు మిగిలింది ఒకటే గది. లేబర్ వార్డు వెనక, ఉతికిన దుప్పట్లూ గౌన్లూ పెట్టే బట్టల గది. లోపల వరసగా ఇనుప ర్యాకులు. ప్లాను మీద ఆరు చుక్కలు. అదీ ఆడవాళ్ళ వార్డులో భాగమే కాబట్టి నా వంతుకే వచ్చింది. నేను పోయేసరికి మధ్యాహ్నం అయింది. స్ట్రెచర్లు తోసేవాళ్ళు నలుగురు, వెనక మెట్ల వైపు తలుపులోంచి వచ్చి ర్యాకుల మధ్య కింద కూర్చుని అన్నం తింటున్నారు. ఒకాయన నన్ను చూసి, "రామ్మా, తిందువు రా" అన్నాడు. మర్యాదకే అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో కూడా చెడు ఏమీ లేదు. కానీ వాళ్ళను దాటుకుని, వాళ్ళ మధ్య నిలబడి, ఆరుసార్లు ఇరవై లెక్కపెట్టాలంటే నా కాళ్ళు ముందుకు పోలేదు.

గుమ్మం బయటే నిలబడ్డాను. మొదటి చుక్క నొక్కి ఇరవై లెక్కపెట్టాను. అక్కడే రెండోది నొక్కాను. మూడోది, నాలుగోది. ఆరూ అక్కడే. ఎర్ర పెన్సిలు నా సంచిలోనే ఉంది. తీయలేదు. తీస్తే ఎందుకు పోలేదని మాస్టారు అడుగుతారు, నేను చెప్పాలి. ఆ చెప్పడానికి సిగ్గుపడ్డాను.

బయటికి వచ్చి ఫోనూ ప్లాను కాగితమూ ఇచ్చాను. మాస్టారు చూసి, "ఒక్క ఎర్ర గీతా లేదు. శభాష్!" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

వారం తరువాత హాస్పిటల్ వాళ్ళకు పని అప్పజెప్పే రోజున, తెర ఎలా ఉంటుందో చూపిస్తానని నన్ను కూడా తీసుకుపోయారు. కంట్రోల్ రూములో పదిమంది మగవాళ్ళు. నేను మాస్టారి వెనక నిలబడ్డాను. తెరమీద నీలం చుక్కలు అంతస్తుల వారీగా తిరుగుతున్నాయి. చీమల పుట్టను చూస్తున్నట్టు రెప్ప వేయకుండా చూస్తున్నాను.

ఉన్నట్టుండి ఒక చుక్క ఎర్రగా మారి కొట్టుకోవడం మొదలుపెట్టింది. బీప్ బీప్ అని చప్పుడు. రెండో అంతస్తు, మెట్ల మలుపు. కార్డు ఎవరిదో ఆ పేరు చుక్క పక్కనే తెరమీద పడింది. లేబర్ వార్డు పెద్ద ఆయాది.

సెక్యూరిటీ వాళ్ళు పరుగెత్తారు. కాసేపటికి వాకీటాకీలో గొంతు వచ్చింది. "సార్, మెట్ల మీద ఎవ్వరు లేరు."

"మళ్ళా చూడు. అక్కడనే చూపిస్తుంది."

"కింద పైన అంత చూసిన సార్. ఎవ్వరు లేరు."

చుక్క అక్కడే కొట్టుకుంటోంది. ఎవరో కార్డు పారేసుకుని ఉంటారన్నారు. ఎవరో పరేషాన్ కావద్దన్నారు. నాకు మాత్రం బట్టల గది గుర్తొచ్చింది. ఇనుప ర్యాకులు. వెనక తలుపు తీస్తే మెట్లు. మా బియ్యం డబ్బా నన్ను గోడ దాటించినట్టే, ఆ ర్యాకులు ఆమెను ఒక అంతస్తు కిందికి దించేశాయి. లోపల ఎలా వినబడుతుందో ఆ తెరకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను.

పదిమంది ముందు నోరు రాలేదు. చేయి మాత్రం పోయింది. మాస్టారి చొక్కా చేతిని పట్టుకుని లాగాను. అంతకుముందు ఎప్పుడూ ఆయన్ను ముట్టుకోలేదు. ఆయన వంగారు.

"బట్టల గది మాస్టారూ. నేను లోపటికి పోలే. బయటనే నిలబడి నొక్కిన."

ఆయన నా ముఖం కేసి చూడను కూడా చూడలేదు. వాకీటాకీ లాక్కుని, "మూడో అంతస్తు, లేబర్ వార్డు వెనక బట్టల గది. ర్యాకుల మధ్య చూడండి. పరుగెత్తండి!" అన్నారు.

ఆయా అక్కడే ఉంది. షుగరు పడిపోయింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. మీట నొక్కి, మూటల మీద ఒరిగిపోయింది. ఇంకొంచెం ఆలస్యమయితే కష్టమయ్యేదని డాక్టరమ్మ అన్నారు. బతికింది.

తరువాత హాస్పిటల్ పెద్ద సారు అడిగాడు, ఈ తప్పు ఎలా జరిగిందని. నేను నోరు తెరవబోయాను. మాస్టారు చేయి కొంచెం ఎత్తారు, అంతే. "ఆరు చోట్లా ఒకేలా రీడింగు ఉంది. చూడగానే తెలిసిపోయే తప్పు. చూడాల్సింది నేను, చూడలేదు. నా పేరే రాసుకోండి" అన్నారు. రాసుకున్నారు. ఆయన సంతకం పెట్టారు. కంపెనీ వాళ్ళు తరువాతి బిల్డింగు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద షాపింగ్ మాల్, వేరేవాళ్ళకు ఇచ్చారు. మతి తప్పిందన్న మాట అక్కడే పుట్టింది.

ఆటోలో వస్తూ నేను ఏడ్చాను. నన్ను తిట్టమన్నాను.

"సిగ్గు తప్పు కాదమ్మాయ్" అన్నారు. "సిగ్గుపడి ఎక్కడ ఆగిపోయావో రాయకపోవడమే తప్పు. ఎర్ర పెన్సిలు ఇచ్చింది అందుకే కదా."

రెండు రోజులకు మళ్ళీ నన్ను తీసుకుపోయారు. కంపెనీ ఆయనను పిలవలేదు. తనే హాస్పిటల్ వాళ్ళను అడిగి అనుమతి తెచ్చుకున్నారు. మధ్యాహ్నమే పోయాం. ఆడవాళ్ళ వైపు నుంచి నన్ను పంపి, ఆయన వెనక మెట్ల మీదుగా బట్టల గదికి వచ్చారు. తినేవాళ్ళు తింటూనే ఉన్నారు. ఆయన వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "బాబూ, ఒక పది నిమిషాలు మా అమ్మాయికి ఈ గది కావాలి. తినేవాళ్ళను లేపుతున్నాను, ఏమీ అనుకోవద్దు."

"అయ్యో సార్, గిదేం మాట" అని వాళ్ళు డబ్బాలు ఎత్తుకుని లేచిపోయారు. నాకు ఎంత కష్టమనిపించిందో అది అంత తేలిగ్గా అయిపోయింది.

మాస్టారు ఒక స్టూలు లాక్కుని వెనక గుమ్మానికి అడ్డంగా, బయటి వైపు వేసుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. "నొక్కు. నేను లెక్కపెడతాను" అన్నారు. పెద్ద గొంతుతో ఒకటి నుంచి ఇరవై దాకా, ఆరుసార్లు. మెట్లెక్కే వాళ్ళు ఆగి చూశారు. మాస్టారు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

పని అయ్యేసరికి ఆయా వచ్చింది. నన్ను పక్కకు లాగి మెల్లగా అంది. "గా రోజు నువ్వు బయటనే నిల్చున్నవ్, నేను జూసిన. నీ ఈడుల నేనైన గట్లనే జేస్తుంటి." తరువాత తన కార్డు మీట తనే నొక్కి, కింద ఉన్నవాళ్ళను ఫోనులో అడిగింది. "ఏడున్ననో చెప్పుండ్రి." మూడో అంతస్తు, బట్టల గది అన్నారు. "ఆఁ, గిప్పుడు సరిగ్గ జూపిస్తుంది" అని నవ్వింది.

మాస్టారికి నేను మాట ఇచ్చాను, ఈ సంగతి ఎవరికీ చెప్పనని. ఆయన అడిగితే ఇచ్చిన మాట కాదు. నా భయం కొద్దీ నేనే ఇచ్చుకున్నాను. ప్లాను సరయింది గానీ, మాస్టారి పేరు మీద ఇప్పుడు ఒక తప్పు రాత ఉండిపోయింది. దాన్ని నేనే సరిచేయాలి. మాస్టారికి మతి తప్పలేదు. లోపలికి పోనిది నేను.

ఇప్పుడు మెట్ల మలుపులో కాసేపు నిలబడే పైకి పోతున్నాను. కింది ఇంటి కుక్కర్ కూతా వినబడుతుంది, పైనుంచి మాస్టారి గోడ గడియారమూ వినబడుతుంది. దానికి ఏం పేరు పెట్టాలో నాకింకా తోచలేదు.

అక్కా, ఈ మాటలన్నీ అచ్చు వేయించండి, ఒక్కటీ తీసేయొద్దు. ఈ చేతిరాత కాగితాలు మాత్రం అచ్చయ్యాక ఎవరికీ చూపించకండి, నా అక్షరాలంటే నాకు ఇంకా సిగ్గే. చివరి కాగితం వెనక బట్టల గది ప్లాను గీశాను, స్కేలు పెట్టి. ఆరు చుక్కలున్నాయి. వెనక గుమ్మానికి బయటి వైపు ఒక చిన్న చదరం ఉంటుంది. కదిలేవి ప్లానులో గీయకూడదని నాకు తెలుసు. అది స్టూలు. ఒకసారి చూసి, అచ్చయ్యాక ఈ కాగితాలన్నీ కాల్చేయండి.